గారాబం మరిగిన బిళ్ళ

నలభై ఆరేళ్ళు ఏసీలు బాగుచేశాను. నా చెయ్యి పడిన కంప్రెసర్ ఒక్కటంటే ఒక్కటి కాలలేదు. రెంటచింతల నుంచి మాచర్ల దాకా ఎవరినైనా అడగండి, శౌరయ్య ముట్టుకుంటే చచ్చిన మోటారు లేచి కూర్చుంటుందని చెబుతారు. ఒకసారి గురజాలలో ఒక మోటారు నన్ను గుమ్మంలో చూసి, స్విచ్చి వెయ్యకముందే తిరగడం మొదలెట్టింది. నమ్మకపోతే మీ ఇష్టం. ఫాదర్ల బడిలో ఐదో తరగతితో ఆపేసినవాణ్ణి, అంతకంటే పెద్ద అబద్ధం ఆడేంత చదువు నాకు లేదు.

ఇది మాత్రం కోపంతో రాస్తున్నాను. మధ్యలో నవ్వులాట వస్తే అది నా నోటి అలవాటు. కోపం తగ్గిందనుకోవద్దు.

మా ఊళ్ళో ఎండ యాభై దాటడం మొదలైన నాలుగో ఏడు అది. పన్నెండు నుంచి ఐదు దాకా ఎవరూ బయట పని చెయ్యకూడదని చట్టం వచ్చింది. మరి ఆ ఐదు గంటలూ రేకుల ఇళ్ళవాళ్ళు ఎక్కడుండాలి? అందుకని చల్లగదులు కట్టారు. పల్నాడు మొత్తానికి పదకొండు. ఒక పెద్ద హాలు, నేలమీద చాపలు, గోడకు అవతల రేకుల నీడన నా ఎత్తు కంప్రెసర్. మిరపకాయలకు తొడిమలు తీసే ఆడవాళ్ళు, నాపరాయి కోసే మగవాళ్ళు, మా ఊరి గదిలో నలభై మందికి తక్కువ ఉండేవాళ్ళు కాదు. ఆ మిషను బాగోగులు చూసే పని నాది.

దాని నెత్తిన ఉన్న బిళ్ళ నా కూతురు లూర్దుది.

ప్రతి కంప్రెసర్‌కీ పాతకాలం నుంచీ ఒక బిళ్ళ ఉంటుంది. మోటారు మరీ వేడెక్కితే అది టక్కున వంగి కరెంటు తెంచేస్తుంది, చల్లారాక మళ్ళీ కలుపుతుంది. మెకానిక్కులం దాన్ని ఓవర్‌లోడ్ అంటాం. దానికి బుర్ర లేదు. ఇంత వేడికి ఆగమని ఫ్యాక్టరీలో చెబితే చచ్చేదాకా అక్కడే ఆగుతుంది. లూర్దు చేసిన బిళ్ళకి బుర్ర ఉంది.

కంపెనీ ల్యాబులో అది నాకు మొదటిసారి చూపించిన రోజు గోంగూర పచ్చడి సీసా పట్టుకుని వెళ్ళాను. గేటు దగ్గర వాచ్‌మన్ ఆ సీసాని మిషన్లో పెట్టి చూశాడు, నన్ను మాత్రం చూడకుండా వదిలేశాడు. లోపల లూర్దు ఒక మోటారుకు కరెంటు మెల్లగా తగ్గిస్తోంది. కరెంటు చాలని మోటారు గురగురమని మూలిగింది. మామూలు బిళ్ళయితే అప్పటికే తెంచేసేది.

"ఆగదేందే?" అన్నాను.

"ఆలోచిస్తంది నాన్నా. గదిలో మనుషులున్నారని దానికి తెలుసు. ఇంకో నాలుగు డిగ్రీలు ఓర్చుకోవచ్చా లేదా అని చూసుకుంటంది."

"ఓర్చుకోలేక కాలిపోతే?"

"తను ఆపేద్దామనుకున్న చోట ఆపకుండా ఉండి, మోటారు బతికి బయటపడిందనుకో, ఆ ఒక్క పాఠాన్ని వంద పాఠాల కింద లెక్కేసుకుంటది. మళ్ళీసారి అక్కడ భయపడదు."

"మీ అమ్మ నాతో కాపరం చేసింది కూడా ఇట్టానే అయ్యుంటది."

లూర్దు నవ్వింది. నేను గోడమీద మెయిన్ లైను ఓల్టు మీటరు చూశాను. ముల్లు మేకు కొట్టినట్టు రెండు వందల ముప్పై మీద నిలబడి ఉంది.

"ఇది ఎప్పుడూ ఇక్కడే ఉంటదా?"

"కదలదు."

"మా ఊళ్ళో మజ్జాన్నం రెండింటికి ఆ ముల్లు నూట యాభై దాటితే మరియమ్మ గుడికి కొవ్వొత్తి పట్టుకెళతారు."

ఆమె నవ్వు ఆగిపోయింది. "అదే చెప్పా వీళ్ళకి. ఒక్క ఎండాకాలం రెంటచింతలలో పెట్టి చూసి ఆ తర్వాత అమ్ముదామని మూడుసార్లు రాశా. టైము లేదన్నారు. పైగా ఒక గదిలో బిళ్ళ నేర్చుకున్నది మిగతా గదుల బిళ్ళలన్నిటికీ అరగంటకోసారి పంపించేట్టు కలిపారు. ఏ గది పాఠం ఆ గదికే ఉండాలన్నా. ఒక్కచోట నేర్పితే పదకొండు చోట్ల పని అయిపోద్ది గదా అన్నారు."

ఆ సంగతి నాకు అప్పుడు సగమే అర్థమైంది. ఆ సగానికే నాకు కోపం రావలసింది. పచ్చడి ఎలా ఉందని అడిగి వచ్చేశాను.

ఏప్రిల్‌లో గది తెరిచారు. రెండింటికి కరెంటు పడిపోగానే మోటారు వేడెక్కేది. బిళ్ళ చాలాసేపు ఓర్చుకుని, ఇక లాభం లేదన్నప్పుడు తెంచేది. తప్పేం కాదు, దాని పని అదే. కానీ మళ్ళీ కలవడానికి ఇరవై నిమిషాలు పట్టేది. లోపల పిల్లలు ఏడ్చేవాళ్ళు, ఆడవాళ్ళు కొంగులతో విసురుకునేవాళ్ళు. వింటూ ఊరుకోలేక, నేను పల్నాడు మెకానిక్కులందరం చేసే వైద్యమే చేశాను. తడిగోతం. బక్కెట్లో గోతం ముంచి కంప్రెసర్ డొప్ప మీద కప్పి, పైన రెండు చెంబులు కుమ్మరిస్తే నాలుగు నిమిషాల్లో బిళ్ళ చల్లబడి టక్కున కలుస్తుంది. లోపల అందరూ ఒక్కసారి హమ్మయ్య అంటారు. గోడ ఇవతల నాకు ఆ మాట వినబడేది. ఆ మాట కోసమే చేశానేమో కూడా.

తొడిమలు తీసే సిలార్ బీ అని ఒకామె ఉండేది. అరవై దాటింది, వేళ్ళ చివర్లు కారానికి ఎర్రగా పొంగి ఉండేవి. ఎర్ర ప్లాస్టిక్ డబ్బాలో అన్నం తెచ్చుకునేది. వస్తూ పోతూ నన్ను కదిలించకుండా ఉండేది కాదు.

"ఏం శౌరన్నా, నీ మిషనుకి తానం అయిందా? నీకంటే అదే నయం, రోజుకు రెండుసార్లు పోసుకుంటంది."

"నీకు కూడా కప్పమంటావా సిలార్ బీ, గోతం?"

"కప్పు, పుణ్యముంటది!"

మే నెల వచ్చేసరికి మిషను స్నానాలు రోజుకు ఐదయ్యాయి. ఎండ ముదిరింది గదా అనుకున్నాను. తొమ్మిదో తరగతి పిల్లాడికైనా అనుమానం రావాలి. నాది ఐదో తరగతి.

మే పంతొమ్మిదిన నేను గురజాలలో పెళ్ళి భోజనానికి వెళ్ళాను. రెండో విడత వడ్డిస్తుంటే ఫోను. నేను చేరేసరికి నాలుగయింది. మిషను ఒకటీ నలభైకి ఆగిందట, ఇక కలవలేదు. బయట యాభై ఒక్క డిగ్రీలు. రోజూ ఆగుతుంది, రోజూ నాలుగు నిమిషాల్లో వస్తుంది, ఇప్పుడూ వస్తుందని అందరూ లోపలే కూర్చున్నారు. అలా కూర్చోవడం వాళ్ళకు నేర్పింది నేనే. తలుపులు తీసి నీళ్ళతొట్టి దగ్గరికి నడిచేసరికి మిషను ఆగి రెండు గంటలు దాటాయి. సిలార్ బీ నడవలేదు. చాప మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. డబ్బా మూత తియ్యలేదు.

ఆ సాయంత్రం మిషన్ని విప్పి చూశాను. కెపాసిటర్ బాగుంది. గ్యాసు సరిపడా ఉంది. బయటి కాయిల్ మొన్ననే కడిగాను, దుమ్ము లేదు. మోటారు వైండింగు మూడు కొసలకీ మీటరు పెట్టాను, లెక్క సరిగ్గా వచ్చింది. మోటారుకి ఏ జబ్బూ లేదు. బాగున్న మోటారుని బిళ్ళ ఆపేసింది, ఆపి మళ్ళీ కలపలేదు. వేడి పూర్తిగా చల్లారకముందే కలవాల్సిన బిళ్ళ అది. ఎందుకు కలవలేదు? ఆ రాత్రి బాగా చల్లారాక దానంతటదే కలిసింది, మర్నాటి నుంచి నేను గోతం పట్టుకుని దాని పక్కనే ఉన్నాను.

మూడో రోజు మధ్యాహ్నం కంపెనీ మేనేజరు శశిభూషణ్ వచ్చాడు. వెనకాలే లూర్దు. ఆయన చేతిలో అప్పటికే అచ్చు వేసిన కాగితం ఒకటి ఉంది. స్థానిక మెకానిక్ నిర్లక్ష్యం వల్ల పరికరం చెడిందని రాసి, కింద లూర్దు సంతకానికి చోటు వదిలారు. మెకానిక్ ఆమె తండ్రని తెలిసే వదిలారు.

లూర్దు దాన్ని చూడలేదు. మిషను పక్కన గొంతుక్కూర్చుని బిళ్ళ జ్ఞాపకమంతా తన టాబ్‌లోకి తీసుకుంది.

"ఏప్రిల్లో నూట ముప్పై డిగ్రీల దగ్గర ఆపింది. మే పదికి నూట పది. ఆరోజు తొంభై రెండు." ఆమె నుదురు ముడుచుకుంది. "వేడెక్కకముందే ఆపుతంది. ఇంకోటి చూడు నాన్నా. ఆపిన ప్రతిసారీ నాలుగు నిమిషాల్లో నలభైకి పడిపోయింది. ఈ ఎండలో గాలికి నలభైకి ఎట్టా చల్లారుద్ది?"

గోడకు మేకుంది, మేకుకు గోతం వేలాడుతోంది. ఆమె నా కళ్ళు ఎటు పోయాయో చూసింది.

"ఎన్నిసార్లు?"

"రోజూ."

"రోజూనా! అది నేర్చుకునే బిళ్ళ నాన్నా! ఆపితే చల్లటి నీళ్ళు పడతాయని నేర్చుకుంది. చంటిపిల్ల ఏడిస్తే బెల్లంముక్క పెట్టినట్టు పెట్టావు. ముందే ఏడవడం మొదలెట్టింది. నలభైకి దిగేదాకా కలవగూడదని కూడా నువ్వే నేర్పావు. ఆరోజు నువ్వు లేవు. నీళ్ళు పడతాయని రెండు గంటలు చూస్తా కూర్చుంది."

అప్పుడు నాకు వచ్చిన కోపం ఎవరి మీదో చెప్పలేను. ముందు ఆమె మీద అరిచాను. "గారాబం మరిగే బిళ్ళ ఎవడు చెయ్యమన్నాడే నిన్ను? మెకానిక్కులు నీళ్ళు పోస్తారని నీకు తెలవదా? మెకానిక్కు ఇంట్లో పుట్టలా నువ్వు?"

"తెలుసు! అందుకే ఒక్క ఎండాకాలం ఇక్కడ పెడదామన్నా!" ఆమె శశిభూషణ్ వైపు తిరిగింది. "మూడుసార్లు రాశా సార్. మూడు కాగితాలూ నా దగ్గరున్నాయి. ఇక్కడ నేర్చిన పాడు బుద్ధి పదకొండు గదులకీ ఎక్కించింది మీరు."

"మేడం, అదంతా ఎంక్వయిరీలో మాట్లాడుకుందాం," అన్నాడాయన తుండుతో మెడ తుడుచుకుంటూ. "ప్రస్తుతానికి పదకొండు చోట్లకీ మావాళ్ళను పంపాం. ఎక్కడా బిళ్ళ మీద చుక్క నీళ్ళు పడటానికి వీల్లేదు. మిషన్లు ఉన్నవి ఉన్నట్టు ఉండాలి, సాక్ష్యం అది."

"నీళ్ళు పడకపోతే రెండింటికి పదకొండూ ఆగిపోతాయి. మళ్ళీ కలవవు."

"గదులు ఖాళీ చేయించండి."

"యాడికయ్యా?" అన్నాను. "నీ కార్లోకా?"

ఒకటీ యాభై అయింది. గోడ అవతల నలభై ముగ్గురు. సిలార్ బీ చాప చుట్టి మూలకు నిలబెట్టి ఉంది, దాని పక్కన ఎవరూ పడుకోవడం లేదు. మీటరు ముల్లు నూట అరవై దగ్గర ఊగుతోంది.

టక్.

మిషను ఆగింది. లోపల మాటలన్నీ కూడా ఆగాయి. ఈసారి వాళ్ళకు తెలుసు.

నేను బిళ్ళ ఉన్న పెట్టె తెరిచి, ఒక వైరుముక్క రెండు కొసలూ పళ్ళతో గీకి, బిళ్ళకు ఇటు ఒక కొస, అటు ఒక కొస బిగించాను. డైరెక్ట్ చెయ్యడం అంటాం దీన్ని. కరెంటు ఇక బిళ్ళని అడగదు. మోటారు మూలుగుతూ లేచింది.

"అది నేరం!" అన్నాడు శశిభూషణ్. "కాపలా లేకుండా తిప్పుతున్నారు. మోటారు కాలిపోతే ఈ ఎండాకాలం మొత్తం గది ఉండదు!"

అన్న మాట నిజమే. నాకు తెలియదా ఏం? ఇక్కడొకటి ఒప్పుకోవాలి. నా చేతిలో ఒక్క కంప్రెసర్ కాలలేదని మొదట్లో కోశాను గదా, మూడు కాల్చాను. మొదటిది ఫాదరుగారిది, ఇలాగే డైరెక్ట్ చేసి టీకి వెళ్ళాను. రెండోది మాచర్లలో బంగారం కొట్టుది. మూడోది మా మామగారిది, అది కావాలనే. ఆ మూడూ చచ్చేముందు ఎలా మూలిగాయో, డొప్ప ఎంత మండిందో నా అరచేతికి ఇప్పటికీ గుర్తే. కాలనివ్వనివాడికి ఆ హద్దు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

డొప్ప కిందిభాగాన అరచెయ్యి ఆనించి మరియమ్మకు చెప్పే మంగళవార్త జపం మొదలెట్టాను. చిన్నప్పుడు సిస్టరమ్మ గుడ్లు ఉడికించడానికి ఆ జపంతోనే టైము కొలిచేది, నేను మోటార్లకు వాడతాను. జపం చివరిదాకా చెయ్యి నిలిస్తే మోటారు బాగున్నట్టు. సగంలో చెయ్యి లాగేసుకుంటే ఆపాలి. మొదటి మాటకే లాగేస్తే అప్పటికే ఆలస్యమైనట్టు.

"నాన్నా, బిళ్ళ కళ్ళు మూయలా నువ్వు," అంది లూర్దు హఠాత్తుగా. టాబ్ చూస్తోంది. "కరెంటు దాన్ని అడగట్లేదు గానీ, అది చూస్తానే ఉంది. తొంభై రెండు దాటింది. తను ఆపేసిన చోట మోటారు తిరుగుతంది."

"అయితే?"

"అయితే అదే వంద పాఠాల పాఠం. రెండున్నరకి ఇది మిగతా పదింటికీ పోద్ది."

జపం మూడొంతుల దగ్గర చెయ్యి లాగేశాను. స్విచ్చి ఆపి, ఊపిరి పీల్చుకుని, ఆరు నిమిషాలాగి మళ్ళీ వేశాను. నీళ్ళు పొయ్యలేదు. బక్కెట్ కాలిదగ్గరే ఉంది, నా చెయ్యి దాని వైపు రెండుసార్లు పోయింది కూడా. లోపలినుంచి ఎవరో చంటిబిడ్డ ఏడుస్తుంటే నీళ్ళు పొయ్యకుండా ఉండటం నా జన్మలో చేసిన అన్నిటికంటే కష్టమైన రిపేరు. మళ్ళీ వేశాను. నూట ఐదు. మళ్ళీ ఆపాను. నూట పద్దెనిమిది. అరచేతి చర్మం డొప్పకు అంటుకోవడం మొదలైంది. ఎడమ చెయ్యి పెట్టాను.

రెండూ ఇరవై రెండుకి శశిభూషణ్ ఫోను తీశాడు. "హలో, సర్వర్ రూమా? రెంటచింతల లింకు తీసెయ్యండి, వెంటనే. ఇక్కడి డేటా మిగతావాటికి పోగూడదు..."

ఆయన భయం ఆయనది. మెకానిక్కు చేతి పాఠం పది మోటార్లను కాలిస్తే ఆయన ఉద్యోగం పోతుంది. లూర్దు లేచి వెళ్ళి, ఎంతో మర్యాదగా ఆయన చెవి దగ్గరినుంచి ఆ ఫోను తీసుకుని, నా బక్కెట్లో వేసింది. బుడుంగుమంది.

"మీ ఉద్యోగం పోయిందమ్మా," అన్నాడాయన.

"తెలుసు సార్. టైమెంతయిందో చెప్పండి, మీ చేతికి వాచీ ఉంది."

పాపం, చెప్పాడు. చెబుతూనే ఉన్నాడు. రెండూ ఇరవై ఎనిమిది. రెండూ ఇరవై తొమ్మిది.

రెండూ ముప్పై రెండుకి కారెంపూడి నుంచి నాకు ఫోను. అక్కడి మెకానిక్కు జానీ.

"మామా, మా మిషను దానంతటది లేచింది! నీళ్ళు పోయలా! ఏం చేశావ్?"

"జపం చేశా," అన్నాను.

"జోకులు తర్వాత మామా..."

జోకు కాదు. బిళ్ళలు కలిశాయి. నేను ఎక్కడ ఓర్చుకున్నానో, ఎక్కడ ఆపానో, ఆరు నిమిషాలు ఎలా ఆగానో అన్నీ చూసి నేర్చుకున్నాయి. ఐదింటికి నా వైరుముక్క విప్పేశాను. బిళ్ళ తన పని తను చేసింది. ఆ తర్వాత ఆ ఎండాకాలమంతా పదకొండు గదుల్లో ఇంకెవరూ పోలేదు. మోటార్లు కూడా ఒక్కటీ కాలలేదు.

సంతోషించాలా? వినండి. నెల తర్వాత కంపెనీ ఒక కాగితం వదిలింది. తమ ఇంజనీర్లు పల్నాడులో ప్రత్యక్షంగా పనిచేసి బిళ్ళని మెరుగుపరిచారని రాశారు. లూర్దు పేరు లేదు. లింకు సంగతి లేదు. ఆమె రాసిన మూడు కాగితాల ఊసు లేదు. సిలార్ బీకి ఒక్క ముక్క కేటాయించారు, వడదెబ్బ అని. చల్లగదిలో, చాప మీద, నీడపట్టున పడుకున్న మనిషికి వడదెబ్బ. రాసినవాడు ఎవడో వాడి చెయ్యి తీసుకొచ్చి ఆ డొప్ప మీద పెట్టి, జపం మొత్తం నేనే చదవాలని ఉంది నాకు. నిదానంగా చదువుతాను.

లూర్దు ఇప్పుడు నా కొట్లోనే ఒక మూల బల్ల వేసుకుంది. విచారణ కమిటీకి బిళ్ళ జ్ఞాపకమంతా అచ్చు తీసి పంపింది. దాంతోపాటు నా వాంగ్మూలం కూడా. నీళ్ళు పోసింది నేనే అని మొదటి వాక్యంలోనే చెప్పాను. "అది రాస్తే నిన్ను పట్టుకుంటారు నాన్నా" అంది. పట్టుకోనీ. నాది రాస్తేనే వాళ్ళది రాయమని అడగడానికి నాకు నోరుంటుంది.

ఇక అబద్ధం సంగతి. ఇంతసేపు చెప్పినవాటిలో ఒకటి నేను కల్పించాను. గురజాల మోటారు కాదు, అది నిజంగానే నన్ను చూసి తిరిగింది. చేతులు కాలింది కూడా నిజమే, మచ్చలున్నాయి.

సిలార్ బీ నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. స్నానం జోకు నాదే, పుణ్యముంటదన్న మాటా నాదే. రెండు నెలలు గోడ అవతల ఆమె, ఇవతల నేను. ఆమె పేరు నాకు ఆమె పోయిన మర్నాడు పోలీసు కాగితంలో చూస్తే తెలిసింది. నేను పేరు కూడా అడగని మనిషి చచ్చిపోయిందని రాయడానికి చెయ్యి రాక ఆమెకు నా నోరు ఇచ్చాను.

ఎర్ర డబ్బా మాత్రం ఉంది. కడిగి కొట్లో పై అరలో పెట్టాను. ఆమె తాలూకు వాళ్ళెవరైనా ఇది చదివితే వచ్చి తీసుకెళ్ళండి. వచ్చినప్పుడు ఆమె ఎలా మాట్లాడేదో కూడా కాస్త చెప్పండి.